శాస్త్రజ్ఞుని కలం: పత్రికా వ్యాసకర్తగా హాల్డేన్

1859 డిసెంబరు 26వ తేదీన లండన్ ‘టైమ్స్’ పత్రికలో, డార్విన్ రచించిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంపై ఒక సుదీర్ఘ సమీక్ష వెలువడింది. దాని కింద రచయిత పేరు లేదు. ఆ పత్రికకు గ్రంథసమీక్షలు వ్రాసే వ్యక్తికి ప్రకృతిశాస్త్రాలలో ప్రవేశం లేకపోవడంతో ఆ బాధ్యత థామస్ హెన్రీ హక్స్‌లీని చేరింది. ఆరంభ వాక్యాలు మాత్రం ఆ సమీక్షకుడివి, తక్కినదంతా హక్స్‌లీ వ్రాసినదే. పార్లమెంటు సభ్యులు, మతాధికారులు, వర్తకులు పొద్దున్నే చదివే పత్రికలో జీవశాస్త్రం ఒక వాదంగా, ఒక అభిప్రాయంగా చోటు సంపాదించుకున్న తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

శాస్త్రవిషయాలను సులభశైలిలో వివరించడం వేరు, శాస్త్రజ్ఞుడు తన శాస్త్రం ఆధారంగా లోకవ్యవహారంపై అభిప్రాయం ప్రకటించడం వేరు. మొదటిది ఉపాధ్యాయుని పని. రెండవది కొంతవరకు న్యాయవాది పని, కొంతవరకు సాక్షి పని. భౌతికశాస్త్రం కంటె జీవశాస్త్రంలో ఈ రెండవ రకం రచనకు అవకాశం ఎక్కువ. తిండి, రోగం, వివాహం, సంతానం, జాతి, వంశం అన్నీ దాని పరిధిలోనివే గదా. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి స్థాపక సంచాలకులైన పుష్ప మిత్ర భార్గవ 2017లో మరణించే వరకు జన్యుమార్పిడి పంటలపై పత్రికలలో చేసిన వాదోపవాదాలు మన పాఠకులకు పరిచితమే. అయితే ఈ మార్గంలో అందరికంటె విస్తారంగా వ్రాసి, అందరికంటె ఎక్కువ మన్నన పొంది, ఒకానొక సందర్భంలో అందరికంటె ఎక్కువ అప్రతిష్ఠనూ మూటగట్టుకున్నవారు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఆయన జీవితంలోని చివరి ఏడేళ్లు భారతదేశంలోనే గడిచాయి.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై ప్రామాణిక పరిశోధన చేసిన శరీరధర్మశాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలోని విషవాయువులను స్వయంగా పీల్చి పరీక్షించినవాడు. చిన్న కొడుకును కూడా గనిలోకి తీసుకుపోయి, పైకప్పు దగ్గర చేరిన వాయువులో నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఆంటొనీ ప్రసంగాన్ని వల్లించమన్నారట. పిల్లవాడికి ఊపిరాడక కాళ్లు తూలి నేలకు ఒరిగాడు. నేల దగ్గర గాలి మంచిదేనని అలా తెలిసింది. ఏ సంగతినైనా ముందు తన ఒంటిపై పరీక్షించుకోవడం హాల్డేన్‌కు ఇంటినుంచి వచ్చిన విద్య. విశ్వవిద్యాలయంలో ఆయన చదివినది గణితం, ప్రాచీన గ్రీకు లాటిన్ సాహిత్యాలు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా అనేది లేదు. ప్రపంచ జీవశాస్త్రాన్ని మార్చినవారిలో ఒకరికి ఆ శాస్త్రంలో పట్టా లేకపోవడం, అర్హతాపత్రాలను పరిశీలించే ఉద్యోగం చేసేవారు ఒక క్షణం ఆగి ఆలోచించదగిన విషయం.

మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో గాయపడి, చికిత్స కోసం 1917లో ఆయన భారతదేశానికి వచ్చారు. తెల్లదొరగా కాక మామూలు మనిషిగా మళ్లీ ఈ దేశానికి రావాలన్న కోరిక ఆయనకు అప్పుడే కలిగింది. అది నెరవేరడానికి నలభై ఏళ్లు పట్టింది.

1924 నుంచి వరుసగా వెలువడిన గణితవ్యాసాలతో ఆయన డార్విన్ ప్రకృతివరణానికీ మెండెల్ అనువంశిక సూత్రాలకూ పొత్తు కుదిర్చారు. ఈ పనిలో ఫిషర్, సీవెల్ రైట్‌లతో పాటు ఆయన పేరు శాశ్వతంగా నిలిచింది. ఆ గణితం నిపుణులకే అందేది. అదే కాలంలో ఆయన సామాన్య పాఠకులకు వ్రాసిన వ్యాసాలు వేరే దారిన నడిచాయి. 1926లో వచ్చిన ‘తగిన పరిమాణం’ అనే వ్యాసంలో ప్రశ్న చాలా చిన్నది: లోతైన గనిలో పడిన చిట్టెలుక ఎందుకు బతుకుతుంది, గుర్రం ఎందుకు బతకదు? దేహం పెరిగినకొద్దీ బరువు ఘనపు లెక్కన, ఉపరితలం వర్గపు లెక్కన పెరుగుతాయి కనుక చిన్న జీవిని గాలి నిలుపుతుంది, పెద్ద జీవిని నిలపలేదు. అక్కడితో ఆపి ఉంటే అది మంచి పాఠం మాత్రమే అయ్యేది. హాల్డేన్ ఆగలేదు. జంతువులకు తగిన పరిమాణం ఉన్నట్లే రాజ్యవ్యవస్థలకూ ఉంటుందా అనే చర్చతో ఆ వ్యాసాన్ని ముగించారు.

1929లో జీవోత్పత్తి గురించి ఆయన వ్రాసినది ఇంకా విచిత్రమైన ఉదాహరణ. ఆదిమ సముద్రాలు కర్బన పదార్థాలతో చిక్కబడి, పలుచని వేడి చారువలె ఉండేవనీ, ప్రాణం అందులోనే తల ఎత్తి ఉండవచ్చుననీ ఆయన ఊహించారు. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఒపారిన్ 1924లోనే ఇటువంటి ఊహ చేసినా అది హాల్డేన్‌కు అప్పటికి తెలియదు. నేడు ఇద్దరి పేర్లూ కలిపి చెప్పుకునే ఈ సిద్ధాంతాన్ని హాల్డేన్ ప్రకటించినది పరిశోధన పత్రికలో కాదు, హేతువాదుల వార్షిక సంచికలో. 1953లో స్టాన్లీ మిల్లర్ ప్రయోగం దానికి బలం చేకూర్చింది. అభిప్రాయ వ్యాసం ఒక్కొక్కప్పుడు శాస్త్రానికి వెనుక కాక ముందు నడుస్తుందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

1937లో ఆయన లండన్‌లోని ‘డైలీ వర్కర్’ పత్రికకు శీర్షిక వ్రాయడం ఆరంభించారు. అది కమ్యూనిస్టు పార్టీ దినపత్రిక. 1950 వరకు, మధ్యలో ప్రభుత్వం పత్రికను నిషేధించిన కాలం మినహా, మూడు వందలకు పైగా వ్యాసాలు అందులో వచ్చాయి. చదివేవారు రేవు కూలీలు, లోహకార్మికులు, బస్సు నడిపేవారు. రాసేవారు రాయల్ సొసైటీ సభ్యుడు, లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు. ఈ ఇద్దరి మధ్య దూరాన్ని దాటే ఉపాయాన్ని ఆయన తరువాత ఒక వ్యాసంలో వివరించారు కూడా. పాఠకునికి ఎరుకైన వస్తువుతో, ఒక బాంబు పేలుడుతోనో, పక్షి కూతతోనో, జున్నుముక్కతోనో మొదలుపెట్టాలి. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా తెలియని దానిలోకి తీసుకుపోవాలి. ఎంత చెప్పాలో కాదు, ఎంత వదిలిపెట్టాలో తెలియాలి. మనవైపు హరికథకులు పాటించేదీ ఇంచుమించు ఇదే పద్ధతి.

ఆ శీర్షికలోని బలం భాషాసౌలభ్యంలో మాత్రమే లేదు. 1939 జూన్ 1న ‘థెటిస్’ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలో మునిగి 99 మంది మరణించారు. వారిలో నౌకానిర్మాణ కార్మికులు ఎందరో ఉన్నారు. కార్మిక సంఘాల కోరికపై హాల్డేన్ మూసిన ఉక్కుగదిలో గంటల తరబడి కూర్చుని, బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ మనిషి వివేకం ఎట్లా చెడిపోతుందో తనపైనే పరీక్షించి చెప్పారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో బాంబుదాడులను కళ్లారా చూసి వచ్చి, లండన్ పౌరులకు లోతైన ఆశ్రయాలు కావాలని 1938లో పుస్తకమే వ్రాశారు. ఆయన అభిప్రాయాలను ఒప్పుకోనివారు సైతం, ఈ మనిషి తాను పీల్చని గాలి గురించి మాట్లాడడు అనే సంగతిని ఒప్పుకోవలసి వచ్చింది.

జాతి, వంశం అనే మాటలు యూరప్‌లో ప్రాణాంతకమైన కాలమది. లోపం ఉన్నవారికి సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయాలన్న చట్టం జర్మనీలో 1933లో వచ్చింది. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో అంతకు ముందే ఉంది. బ్రిటన్‌లోనూ పెద్ద పెద్దవారు దానిని సమర్థిస్తూ ఉండేవారు. హాల్డేన్ దీనికి ఆవేశంతో కాక గుణకారంతో జవాబు చెప్పారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపజన్యువులు కలిస్తేనే బయటపడే వ్యాధి ఒకటి పదివేల మందిలో ఒకరికి ఉన్నదనుకుందాం. ఒక్క లోపజన్యువును మాత్రమే మోస్తూ పూర్తి ఆరోగ్యంగా కనిపించేవారు అదే పదివేలలో దాదాపు 200 మంది ఉంటారు. అంటే లోపజన్యువులలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఆరోగ్యవంతులలోనే దాగి ఉంటాయి. రోగులందరినీ సంతానహీనులను చేసినా మరుసటి తరంలో వ్యాధి పదివేలలో ఒకటి నుంచి సుమారు 10,200లో ఒకటికి మాత్రమే తగ్గుతుంది. సగానికి దిగడానికి నలభైకి పైగా తరాలు, అంటే సుమారు వెయ్యి సంవత్సరాలు కావాలి. 1938లో వచ్చిన ఆయన గ్రంథం ‘అనువంశికత, రాజకీయాలు’ ఈ మార్గంలోనే సాగింది. చట్టాలు చేసేవారికి శాస్త్రజ్ఞుడు చేయగల సహాయం ఏమిటో ఈ లెక్కలో కనిపిస్తుంది.

ఇక 1948 నాటి సంగతి. సోవియట్ రష్యాలో ట్రోఫిమ్ లైసెంకో అనే వ్యవసాయ నిపుణుడు మెండెల్ జన్యుశాస్త్రాన్ని బూర్జువా బూటకమని నిందిస్తూ, పెంపకంలో సంపాదించిన గుణాలు సంతానానికి సంక్రమిస్తాయని వాదించాడు. ప్రపంచ పంటమొక్కల విత్తనాలను సేకరించిన మహాశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్ ఈ వాదాన్ని ఎదిరించి 1940లో అరెస్టయ్యారు, 1943 జనవరిలో సరాటోవ్ చెరసాలలో మరణించారు. 1928లో హాల్డేన్‌ను రష్యాకు ఆహ్వానించినవారు ఆ వవిలోవే. 1948 ఆగస్టులో మాస్కోలో జరిగిన వ్యవసాయశాస్త్ర అకాడమీ సమావేశం స్టాలిన్ ఆమోదంతో లైసెంకో వాదాన్ని అధికార సిద్ధాంతం చేసింది. జన్యుశాస్త్రజ్ఞులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, ప్రయోగశాలలు మూతపడ్డాయి.

హాల్డేన్ అప్పటికి పార్టీ సభ్యుడు, ‘డైలీ వర్కర్’ సంపాదకవర్గానికి అధ్యక్షుడు. జన్యుశాస్త్రానికి బ్రిటన్‌లో పెద్దదిక్కు కూడా ఆయనే. ఆ శీతకాలంలో బి.బి.సి. నలుగురు జన్యుశాస్త్రజ్ఞుల అభిప్రాయాలు ప్రసారం చేసింది. ఫిషర్, డార్లింగ్టన్, హార్లాండ్ ముగ్గురూ లైసెంకోను నిర్ద్వంద్వంగా ఖండించారు. హాల్డేన్ ఖండించలేదు. కొన్ని మాటలు అతిశయోక్తులని ఒప్పుకుంటూనే, ప్రయోగ వివరాలు పూర్తిగా అందేవరకు తీర్పు చెప్పరాదనీ, అందులో సత్యాంశం ఉండవచ్చుననీ వాదించారు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ వామపక్ష విశ్వాసంతో రష్యా వెళ్లి 1933 నుంచి నాలుగేళ్లు అక్కడ పనిచేసినవారే. ఆయన 1948లోనే సోవియట్ అకాడమీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఈ ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

వింత ఏమిటంటే, ఆ 1948 జులైలోనే స్టాక్‌హోమ్ జన్యుశాస్త్ర మహాసభలో హాల్డేన్ తన జీవితంలోని గొప్ప ఊహలలో ఒకదానిని ప్రకటించారు. మధ్యధరా ప్రాంతంలో తలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు ఎందుకు అంత విరివిగా ఉన్నది? ఒక్క జన్యువు మాత్రమే ఉన్నవారికి అది మలేరియా నుంచి రక్షణ ఇస్తుందేమో అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో కొడవలికణ వ్యాధి విషయంలో ఇటువంటి సంబంధాన్నే నిరూపించారు. మన గిరిజన ప్రాంతాలలో ఆ వ్యాధి ఎందుకు కనిపిస్తుందో వివరించేటప్పుడు నేటికీ ఈ ఆలోచనే ఆధారం. ఆ ఊహ ప్రతి అక్షరమూ మెండెల్ సూత్రాలపై నిలిచినది. పరిశోధకుడిగా ఏ సూత్రంపై ఇల్లు కట్టుకున్నారో, కొద్దినెలలకే వ్యాఖ్యాతగా ఆ సూత్రాన్ని నిషేధించినవారి పట్ల మెత్తని మాట వాడారు. సాక్ష్యం కోసం ఎదురుచూడాలన్న వాదన పైకి శాస్త్రీయంగానే ఉంటుంది. కాని వవిలోవ్ మరణం, మూతపడిన ప్రయోగశాలలు సాక్ష్యం కావా? థెటిస్ విషయంలో ఉక్కుగదిలోకి స్వయంగా వెళ్లిన మనిషి ఈ విషయంలో గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. పార్టీలోని వారు అడిగినంత సమర్థన ఆయన ఇవ్వలేదన్నది నిజమే. 1949లో జన్యుశాస్త్రాన్ని సమర్థిస్తూ వామపక్ష పత్రికలోనే వ్యాసం వ్రాశారు. 1950 ప్రాంతంలో సద్దు చేయకుండా పార్టీకి దూరమయ్యారు, శీర్షికా ఆగిపోయింది. 1964లో తన స్మృతివాక్యాలను తానే ముందుగా చిత్రీకరింపజేసినప్పుడు సైతం, లైసెంకోలో మంచి జీవశాస్త్రజ్ఞుడు ఉన్నాడనీ, స్టాలిన్ ఇచ్చిన అధికారమే అనర్థమైనదనీ అన్నారు. అంతకు మించి దిగిరాలేదు.

1957 జులైలో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఆయన కలకత్తా చేరి, మహలనోబిస్ ఆధ్వర్యంలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో ఆచార్యపదవి స్వీకరించారు. సూయెజ్ దండయాత్రకు నిరసనగా బ్రిటన్ వదిలినట్లు పత్రికలకు చెప్పారు. అరవై ఏళ్లు మేజోళ్లు తొడిగింది చాలునన్నది ఆయన చెప్పిన మరో కారణం. ధోవతి, లాల్చీ కట్టారు, మాంసాహారం మానారు, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు. ‘ది హిందూ’ వంటి పత్రికలలో తిరిగి వ్యాసాలు వెలువడసాగాయి.

ఈ దశలోని వ్యాసాలలో గొంతు మారింది. ఖరీదైన యంత్రాలు లేవని చింతించే యువశాస్త్రజ్ఞులకు ఆయన మళ్లీ మళ్లీ చెప్పినది ఒక్కటే: కళ్లు, పెన్సిలు, ఓపిక ఉంటే చాలు, లెక్కపెట్టండి. శిష్యుడు ఎస్.కె. రాయ్ పారిజాతపు పూలరేకులు లెక్కపెట్టారు, రెండు రకాల వరిని పక్కపక్క వరుసలలో నాటి దిగుబడి పోల్చారు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు కొన్నింటిలో కుడివైపుకు, కొన్నింటిలో ఎడమవైపుకు తిరిగి ఉండడాన్ని పరిశీలించారు. పక్షులను కాల్చి చంపకుండానే వాటి ప్రవర్తనను అధ్యయనం చేయవచ్చునని హాల్డేన్ 1959లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వ్రాశారు. అహింస ఆయనకు పరిశోధన పద్ధతిగా కనిపించింది. పేదదేశపు శాస్త్రం పేదశాస్త్రం కానక్కర లేదన్న మాటను ఉపన్యాసంగా చెప్పినవారు చాలామంది. శిష్యులచేత చేయించి చూపినవారు తక్కువ.

ఆ శిష్యులలో ఒకరు పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు. మగవారి చెవులపై మొలిచే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకే సంక్రమిస్తాయా అన్న ప్రశ్నతో ఆయన తెలుగు కుటుంబాల వంశవృక్షాలు గీశారు. తరువాతి పరిశోధన ఆ నిర్ణయాన్ని బలపరచలేదు గాని, ప్రశ్న వేసిన తీరు హాల్డేన్ పాఠశాలదే. అంతకంటె ముఖ్యమైనది పి. మీరాఖాన్‌తో కలిసి 1960లో ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ రక్తసంబంధ వివాహాల అధ్యయనం. మేనమామకు మేనకోడలిని, బావకు మరదలిని ఇవ్వడం మనవైపు తరతరాల ఆచారం. పైన చెప్పిన లెక్కనే ఇక్కడ అన్వయిస్తే, సంబంధం లేని దంపతుల పదివేల బిడ్డలలో ఒకరికి వచ్చే వ్యాధి, మేనత్త మేనమామ బిడ్డల పెళ్లిలో సుమారు ఏడుగురికి, మేనమామ మేనకోడలి పెళ్లిలో సుమారు పదముగ్గురికి వస్తుంది. ఆస్తి చెదరకూడదని చేసుకునే సంబంధంలో ఈ మరో వారసత్వం కూడా కలిసి ఉంటుంది. అలాగని నూటికి తొంభై తొమ్మిది మంది బిడ్డలకు ఆ వ్యాధి రాదు కూడా. తరతరాలుగా మేనరికాలు సాగినచోట హానికర జన్యువులు కొంత తరిగిపోయి ఉండవచ్చునన్న వాదమూ తరువాత వచ్చింది. ఆచారాన్ని తిట్టడానికో పొగడడానికో ముందు లెక్కపెట్టాలన్న పట్టుదల ఈ అధ్యయనానికి ప్రాణం. ద్రోణంరాజు 2017లో హాల్డేన్ ప్రజారచనలను కేంద్రంగా చేసుకుని ఆయన జీవితచరిత్ర వెలువరించారు, 2020లో కన్నుమూశారు.

ఈ దేశపు కార్యాలయాలతో మాత్రం హాల్డేన్‌కు పొసగలేదు. దస్త్రాలు, అనుమతులు, ప్రయోగశాలలో పురుగు పరిచయం లేనివారు పరిశోధకుని సెలవు నిర్ణయించడం ఆయనకు నచ్చేవి కావు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పేరులోని ఆంగ్ల అక్షరాలకు, స్వతంత్ర పరిశోధనను అణచే మండలి అని వేరే అర్థం కల్పించారు. కోపం ఆయనకు పుట్టుకతో వచ్చినదే, అన్ని ఫిర్యాదులలోనూ న్యాయం ఉన్నదని చెప్పలేము. అయినా ఆయన ఆక్షేపించిన జాప్యాలు ఆయనతో పోలేదని దస్త్రాలు నడిపేవారికి తెలుసు. 1961లో గణాంకశాస్త్ర సంస్థను వదిలి, 1962లో ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆదరణతో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు.

1963లో పేగు క్యాన్సరు బయటపడింది. లండన్ ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయన తన రోగంపై ఒక హాస్యకవిత వ్రాసి 1964 ఫిబ్రవరిలో ‘న్యూ స్టేట్స్‌మన్’ వారపత్రికలో ప్రకటించారు. సిగ్గుపడి జాగు చేయకుండా వైద్యుని దగ్గరకు వెళ్లమని చెప్పే కవిత అది. కొందరు పాఠకులకు అది అసభ్యంగా తోచింది. 1964 డిసెంబరు 1న ఆయన భువనేశ్వర్‌లో మరణించారు. మరణానంతరం తన దేహంతో తనకు ఉపయోగం ఉండదు కనుక, వైద్యవిద్యకు ఇవ్వవలసిందని వీలునామాలో కోరారు. ఆ కోరిక ప్రకారం దేహాన్ని దక్షిణంగా, తీరం వెంట, అప్పటికి ఆరేళ్ల వయసున్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు.